ప్రపంచ అధిక డివిడెండు షేర్ల ఫండు

వివిధ దేశాల స్టాక్ ఎక్స్ఛేంజీలలో నమోదైన కంపెనీలలో, షేరు ధరతో పోల్చినపుడు ఎక్కువ డివిడెండు చెల్లించే వాటిని ఎంచి, వాటి షేర్లలో మదుపు చేసే మ్యూచువల్ ఫండును ప్రపంచ అధిక డివిడెండు షేర్ల ఫండు అంటారు. కంపెనీల నుండి వచ్చిన డివిడెండ్లను ఫండు ఒకచోట చేర్చి, ఖర్చులు మినహాయించి, మదుపరులకు నెలకు, మూడు నెలలకు లేదా ఏడాదికి ఒకసారి పంచుతుంది. ఉద్యోగ విరమణ చేసినవారు, షేర్లను అమ్మకుండానే చేతికి క్రమంగా సొమ్ము రావాలని కోరుకునేవారు వీటిని ఎక్కువగా కొంటారు. అయితే ఫండు పంచే సొమ్మంతా ఆదాయమే కానవసరం లేదు. అందులో కొంత మదుపరి అసలే తిరిగి వస్తున్నది కావచ్చు. ఈ తేడాను గుర్తించకపోవడం వల్ల జపానులో లక్షలాది కుటుంబాల పొదుపు తరిగిపోయింది.

డివిడెండు, డివిడెండు రాబడి

కంపెనీ తన లాభంలో కొంత భాగాన్ని వ్యాపార విస్తరణకు ఉంచుకొని, మిగిలిన దానిని వాటాదారులకు పంచుతుంది. ఇలా పంచినదే డివిడెండు. దీనిని లాభాంశం అని కూడా వ్యవహరిస్తారు. బ్యాంకు డిపాజిట్‌పై వడ్డీ వలె ఇది ముందుగా ఒప్పుకున్న బాధ్యత కాదు. లాభం తగ్గినా, డబ్బు వేరే అవసరానికి కావలసి వచ్చినా కంపెనీ డైరెక్టర్లు దానిని తగ్గించవచ్చు, పూర్తిగా నిలిపివేయవచ్చు.

ఏడాదిలో ఇచ్చే డివిడెండును షేరు ధరతో భాగించి నూటితో గుణిస్తే వచ్చేది డివిడెండు రాబడి. ఉదాహరణకు 100 రూపాయల షేరుపై 4 రూపాయల డివిడెండు వస్తే రాబడి 4 శాతం. కంపెనీ కష్టాలలో పడి షేరు ధర 50 రూపాయలకు పడిపోయిందనుకుందాం. డివిడెండు ఇంకా మారలేదు కనుక రాబడి 8 శాతంగా కనిపిస్తుంది. ఆ అంకెను చూసి కొన్నవారికి, తరువాత కంపెనీ డివిడెండును 2 రూపాయలకు తగ్గించినపుడు మిగిలేది 4 శాతమే. మొదట 100 రూపాయలకు కొన్నవారికి మిగిలేది 2 శాతం. అనగా అధిక రాబడి కొన్నిసార్లు కంపెనీ బలానికి కాక, దాని భవిష్యత్తుపై మార్కెట్టుకు గల అనుమానానికి గుర్తు. దీనిని రాబడి ఉచ్చు అంటారు.

డివిడెండుకు అర్హత ముగిసిన రోజును ఎక్స్-డివిడెండు తేదీ అంటారు. ఆనాడు షేరు ధర సాధారణంగా సుమారు ఆ డివిడెండు మేరకు తగ్గుతుంది. కంపెనీ ఖజానాలో ఉన్న సొమ్ము వాటాదారు చేతికి వచ్చింది కనుక, కంపెనీ విలువ అంతమేరకు తగ్గడం సహజం.

చరిత్ర

డివిడెండు చరిత్ర షేర్ల చరిత్రంత పాతది. 1602లో ఏర్పడిన డచ్చి ఈస్టిండియా కంపెనీ తన మొదటి డివిడెండును 1610లో ప్రకటించింది. అది నగదు రూపంలో కాక జాపత్రి రూపంలో ఇవ్వబడింది. అనేకమంది మదుపరుల సొమ్మును కలిపి పలు దేశాలలో మదుపు చేసే పద్ధతి 1868లో లండనులో స్థాపించిన ఫారిన్ అండ్ కలోనియల్ గవర్నమెంట్ ట్రస్టుతో స్థిరపడింది. అది మొదట విదేశీ, వలస ప్రభుత్వాల బాండ్లను కొనేది. ఒక్కొక్కరూ విడివిడిగా కొనలేని పలు దేశాల బాండ్లను సామాన్య మదుపరులకు అందుబాటులోకి తేవడం దాని ఉద్దేశం.

ఇరవై ఒకటవ శతాబ్దంలో సూచీలను అనుసరించే ఫండ్లు పెరగడంతో ప్రపంచ అధిక డివిడెండు షేర్లకు కూడా ప్రత్యేక సూచీలు ఏర్పడ్డాయి. 2013 మేలో వాన్‌గార్డ్ సంస్థ ఐరోపాలో ప్రారంభించిన అధిక డివిడెండు ఎక్స్ఛేంజి ట్రేడెడ్ ఫండు ఈ కోవకు చెందినది.

షేర్ల ఎంపిక

షేర్లను ఎంచే పద్ధతి ఒక్కొక్క సూచీకి ఒక్కొక్క విధంగా ఉంటుంది.

ఎఫ్‌టీఎస్‌ఈ ఆల్ వరల్డ్ అధిక డివిడెండు సూచీ, రాబోయే పన్నెండు నెలలలో రాగల డివిడెండు అంచనాను బట్టి కంపెనీలను వరుసలో పేర్చి, పై సగాన్ని తీసుకుంటుంది.

ఎంఎస్‌సీఐ వరల్డ్ అధిక డివిడెండు సూచీ, మూల సూచీ కంటే కనీసం 30 శాతం ఎక్కువ రాబడి గల షేర్లను పరిశీలిస్తుంది. ఆ డివిడెండు నిలకడగా కొనసాగగలదా, కంపెనీ ఆర్థిక స్థితి ఎలా ఉంది అనే పరీక్షలు కూడా పెడుతుంది.

ఎస్ అండ్ పీ గ్లోబల్ డివిడెండ్ అరిస్టోక్రాట్స్ సూచీ, కనీసం పది సంవత్సరాలు వరుసగా డివిడెండును తగ్గించకుండా ఇచ్చిన కంపెనీలను ఎంచుతుంది.

మొదటి పద్ధతి రాబోయే సొమ్మును, రెండవది దాని నాణ్యతను, మూడవది గత చరిత్రను చూస్తాయి. ఈ ఫండ్లలో బ్యాంకులు, చమురు, విద్యుత్తు, టెలిఫోను, మందులు, నిత్యావసర వస్తువుల కంపెనీలు ఎక్కువగా ఉంటాయి. లాభాన్ని వ్యాపారంలోనే తిరిగి పెట్టే కంపెనీలు తక్కువగా ఉంటాయి. వారెన్ బఫెట్ ఆధ్వర్యంలో బర్క్‌షైర్ హాథవే 1967లో ఒకే ఒక్కసారి డివిడెండు ఇచ్చింది. మెటా, ఆల్ఫాబెట్ సంస్థలు 2024లో గాని డివిడెండు మొదలుపెట్టలేదు. కనుక సాంకేతిక కంపెనీల షేర్లు వేగంగా పెరిగే కాలంలో అధిక డివిడెండు ఫండ్లు సాధారణ ప్రపంచ ఫండ్ల కంటే వెనుకబడతాయి.

పంపిణీకి, ఆదాయానికి తేడా

ఫండు యూనిట్ ఒక్కింటి విలువను నికర ఆస్తి విలువ అంటారు. ఫండుకు వచ్చే ఆదాయం ఎంత అన్నది ఒక ప్రశ్న, ఫండు ఎంత పంచుతున్నది అన్నది మరొక ప్రశ్న. ఈ రెండూ సమానంగా ఉండవలసిన అవసరం లేదు. చిన్న లెక్కతో దీనిని తెలుసుకోవచ్చు.

ఒక ఫండు యూనిట్ విలువ 10,000 యెన్లు అనుకుందాం. షేర్లపై వచ్చే డివిడెండు ఏడాదికి 3 శాతం. ఫండు నిర్వహణ ఖర్చు 1.5 శాతం. మిగిలే అసలైన ఆదాయం 1.5 శాతం, అనగా 150 యెన్లు. కాని ఫండు నెలకు 50 చొప్పున ఏడాదికి 600 యెన్లు పంచుతున్నది. షేర్ల ధరలు పెరగలేదు, తగ్గలేదు అనుకుంటే, లోటు 450 యెన్లు అసలు నుండే రావాలి. ఏడాది చివర యూనిట్ విలువ 9,550 అవుతుంది.

ఇదే విధంగా కొనసాగితే పది సంవత్సరాల తరువాత యూనిట్ విలువ సుమారు 5,184 యెన్లు. ఈ పదేళ్ళలో మదుపరి చేతికి వచ్చినది 6,000 యెన్లు. అందులో 4,816 యెన్లు అతని అసలే. నిజమైన సంపాదన 1,184 యెన్లు మాత్రమే.

ఇక్కడ గమనించవలసిన విషయం మరొకటి ఉంది. పంపిణీని యూనిట్ విలువతో భాగిస్తే మొదట 6 శాతం వస్తుంది. పదేళ్ళ తరువాత అదే 600 యెన్లను 5,184తో భాగిస్తే 11 శాతం దాటుతుంది. ఫండు కరిగిపోయే కొద్దీ పంపిణీ శాతం పెరుగుతున్నట్లు కనిపిస్తుంది. ఈ శాతాన్ని మాత్రమే చూసే కొత్త మదుపరికి, అన్నిటికంటే ఎక్కువగా తరిగిపోయిన ఫండే అన్నిటికంటే ఆకర్షణీయంగా తోచవచ్చు.

షేర్ల ధరలు పెరిగిన సంవత్సరాలలో ఈ లోటు కనిపించదు. పెరిగిన విలువ నుండి పంచడం వలన అసలు నిలిచినట్లే ఉంటుంది. ధరలు పడిన సంవత్సరాలలో అదే పంపిణీ కొనసాగితే అసలు రెండు వైపులా తరుగుతుంది. విత్తనాల గాదె నుండి తిండిగింజలు తీసిన రైతు మరుసటి ఏడు తక్కువ చేను చల్లవలసి వచ్చినట్లే, తరిగిన ఫండు మరుసటి ఏడు తక్కువ డివిడెండును సంపాదిస్తుంది.

జపాను అనుభవం

అధిక పంపిణీ ఫండ్లు అత్యంత విస్తృతంగా వ్యాపించిన దేశం జపాను. దీనికి మూడు కారణాలు తోడయ్యాయి. 1999 ఫిబ్రవరిలో బ్యాంక్ ఆఫ్ జపాన్ వడ్డీ రేటును సున్నాకు చేర్చింది. 1998 డిసెంబరు నుండి బ్యాంకులు, 2005 అక్టోబరు నుండి తపాలా కార్యాలయాలు మ్యూచువల్ ఫండ్లను అమ్మడానికి అనుమతి లభించింది. అదే కాలంలో పొదుపు సొమ్ము చేతిలో ఉన్న వృద్ధుల సంఖ్య పెరిగింది. వడ్డీ ఎంత తక్కువగా ఉండేదంటే, 2016 నుండి 2024 వరకు పెద్ద బ్యాంకులలో పొదుపు ఖాతాపై వడ్డీ 0.001 శాతం. పది లక్షల యెన్లు దాచుకున్నవారికి ఏడాదికి పది యెన్లు వచ్చేవి.

నెలనెలా పంపిణీ చేసే ఫండ్లలో మొదట ప్రసిద్ధి పొందినది 1997 డిసెంబరులో మొదలైన గ్లోబల్ సావరిన్ ఓపెన్. అది విదేశీ ప్రభుత్వ బాండ్ల ఫండు. దాని ఆస్తులు ఒక దశలో 5 లక్షల కోట్ల యెన్లను దాటాయి. దాని బాటలో షేర్ల ఫండ్లు వచ్చాయి. ప్రపంచంలోని విద్యుత్తు, గ్యాసు, నీటి సరఫరా కంపెనీల అధిక డివిడెండు షేర్లను కొనే పిక్టే సంస్థ నెలసరి ఫండు 2005 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. జపానులో ప్రభుత్వ పింఛను సరిసంఖ్య నెలలలో, అనగా రెండు నెలలకు ఒకసారి వస్తుంది. పింఛను రాని నెలలలో పంపిణీ చేసే ఫండ్లు కూడా అమ్మకానికి వచ్చాయి.

2008 ఆర్థిక సంక్షోభంలో షేర్ల ధరలు పడిపోయాయి. విదేశీ ద్రవ్యాలతో పోల్చితే యెన్ బలపడింది. చాలా ఫండ్లు పంపిణీని తగ్గిస్తే మదుపరులు వెళ్ళిపోతారన్న భయంతో అసలు నుండి పంచుతూ వచ్చాయి.

జపాను పన్ను నియమాలు ఈ రెండు రకాల సొమ్మును వేరు చేస్తాయి. ఉదాహరణకు ఒక మదుపరి 10,000 యెన్లకు యూనిట్ కొన్నాడు. పంపిణీకి ముందు దాని విలువ 10,030. ఫండు 50 యెన్లు పంచితే, తరువాత విలువ 9,980. ఈ 50లో 30 యెన్లు లాభం కనుక వాటిపై 20.315 శాతం పన్ను పడుతుంది. మిగిలిన 20 యెన్లు అతని సొంత సొమ్ము కనుక పన్ను లేదు. పన్ను లేని ఈ భాగానికి మొదట ప్రత్యేక పంపిణీ అనే పేరు ఉండేది. ప్రత్యేకం అన్న మాటను చూసి దానిని అదనపు బహుమానంగా భావించినవారు ఉన్నారు. 2012లో దాని పేరును అసలు తిరిగి చెల్లింపు అనే అర్థం వచ్చేలా మార్చారు. 2017లో జపాను ఆర్థిక సేవల నియంత్రణ సంస్థ ఈ ఫండ్ల అమ్మకాన్ని బహిరంగంగా విమర్శించింది. 2024లో విస్తరించిన పన్ను మినహాయింపు పథకం నీసాలో నెలసరి పంపిణీ ఫండ్లకు చోటు ఇవ్వలేదు.

డివిడెండ్ల కోత

పంపిణీ నిజాయితీగా ఉన్నా, కంపెనీలే డివిడెండును తగ్గించే ప్రమాదం ఉంటుంది. ముఖ్యమైన కొన్ని సంఘటనలు:

2009 ఫిబ్రవరిలో జనరల్ ఎలక్ట్రిక్ మూడు నెలల డివిడెండును 31 సెంట్ల నుండి 10 సెంట్లకు తగ్గించింది.

2010 ఏప్రిల్‌లో మెక్సికో సింధుశాఖలో చమురుబావి పేలుడు జరిగింది. ఆ జూన్‌లో బీపీ సంస్థ డివిడెండును నిలిపివేసి, 2011లో తక్కువ మొత్తంతో తిరిగి మొదలుపెట్టింది. బ్రిటన్‌లో చాలా పింఛను నిధులు ఆ డివిడెండుపై ఆధారపడి ఉండేవి.

2011 మార్చిలో ఫుకుషిమా అణు ప్రమాదం తరువాత టోక్యో ఎలక్ట్రిక్ పవర్ కంపెనీ డివిడెండు ఆగిపోయింది. అంతవరకు విద్యుత్తు కంపెనీల షేర్లను జపానులో స్థిరాదాయానికి మారుపేరుగా భావించేవారు.

2016 ఫిబ్రవరిలో లోహాల ధరలు పడిపోయినపుడు గనుల కంపెనీ బీహెచ్‌పీ తన డివిడెండును 75 శాతం తగ్గించింది.

2020 మార్చిలో కోవిడ్ కారణంగా ఐరోపా కేంద్ర బ్యాంకు, బ్రిటన్ నియంత్రణ సంస్థ డివిడెండ్లు చెల్లించవద్దని బ్యాంకులను కోరాయి. ఏప్రిల్ 30న షెల్ సంస్థ రెండవ ప్రపంచ యుద్ధం తరువాత మొదటిసారిగా డివిడెండును తగ్గించి, 47 సెంట్ల నుండి 16 సెంట్లకు తెచ్చింది.

ఒక్కొక్క కంపెనీ కోత వందలాది షేర్లు గల ఫండును పెద్దగా కదిలించదు. కాని 2008లోను, 2020లోను జరిగినట్లు ఒకే కాలంలో అనేక కంపెనీలు తగ్గించినపుడు ఎన్ని దేశాలలో మదుపు చేసినా పూర్తి రక్షణ ఉండదు.

మారకపు రేటు

ప్రపంచ ఫండులో డివిడెండు డాలరు, పౌండు, యూరో వంటి ద్రవ్యాలలో వస్తుంది. మదుపరి ఖర్చు తన దేశపు ద్రవ్యంలో ఉంటుంది. 2007లో డాలరుకు సుమారు 120 యెన్లు వచ్చేవి. 2011 అక్టోబరులో 76 యెన్లు మాత్రమే వచ్చాయి. డాలరు డివిడెండు ఏమాత్రం తగ్గకపోయినా జపాను మదుపరి ఆదాయం మూడవ వంతుకు పైగా తగ్గింది.

భారతీయ మదుపరికి ఇన్నాళ్ళూ ఇందుకు భిన్నంగా జరిగింది. 2007 చివరలో 40 రూపాయల లోపు ఉన్న డాలరు 2022లో 80 రూపాయలు దాటింది. డాలరు డివిడెండు రూపాయలలో రెట్టింపైంది. అయితే ఇది కంపెనీల గొప్పతనం కాదు, రూపాయి విలువ తగ్గడం వలన కలిగిన ఫలితం. భవిష్యత్తులో ఇలాగే జరుగుతుందన్న హామీ ఏదీ లేదు.

పన్నులు

విదేశీ డివిడెండుపై సాధారణంగా రెండు చోట్ల పన్ను ఉంటుంది. కంపెనీ ఉన్న దేశం ముందుగానే కొంత మినహాయించుకుంటుంది. అమెరికా విదేశీయులకు ఇచ్చే డివిడెండుపై 30 శాతం తీసుకుంటుంది. ఒప్పందం ప్రకారం భారతీయ వ్యక్తులకు ఇది 25 శాతం. స్విట్జర్లాండులో 35 శాతం. బ్రిటన్‌లో సాధారణ కంపెనీల డివిడెండుపై, సింగపూరు, హాంకాంగ్‌లలో ఇటువంటి మినహాయింపు లేదు. తరువాత మదుపరి తన దేశంలో ఆదాయపు పన్ను చెల్లించాలి. విదేశంలో కట్టినదానిని ఒప్పందాన్ని బట్టి ఇక్కడి పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. ఫండు తానే చెల్లించిన విదేశీ పన్నుకు మాత్రం ఈ సర్దుబాటు మదుపరికి సాధారణంగా దొరకదు.

భారతదేశంలో

2020 మార్చి వరకు భారతదేశంలో కంపెనీలు, ఫండ్లే డివిడెండు పంపిణీ పన్ను కట్టేవి. 2020 ఏప్రిల్ 1 నుండి దానిని రద్దు చేసి, డివిడెండును అందుకున్నవారి ఆదాయంలో కలిపి పన్ను వేస్తున్నారు. అందువలన ఎక్కువ శ్లాబులో ఉన్నవారికి డివిడెండు రూపంలో ఆదాయం పొందడం భారమైంది.

మ్యూచువల్ ఫండ్లలోని డివిడెండు ఆప్షన్ అనే పేరును సెబీ 2021 ఏప్రిల్ 1 నుండి మార్పించింది. కొత్త పేరు ఇన్‌కమ్ డిస్ట్రిబ్యూషన్ కమ్ క్యాపిటల్ విత్‌డ్రాయల్, అనగా ఆదాయ పంపిణీ మరియు మూలధన ఉపసంహరణ. పంచే సొమ్ములో అసలు కూడా ఉండవచ్చునని పేరులోనే చెప్పడం దీని ఉద్దేశం. జపాను 2012లో చేసిన మార్పు వెనుక ఉన్న కారణమే దీని వెనుక కూడా ఉంది.

విదేశీ షేర్లలో భారతీయ ఫండ్లు పెట్టగల మొత్తానికి 700 కోట్ల డాలర్ల ఉమ్మడి పరిమితి ఉంది. అది దగ్గరపడటంతో 2022 ప్రారంభంలో చాలా ఫండ్లు కొత్త సొమ్మును తీసుకోవడం నిలిపివేశాయి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఒక వ్యక్తి ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు విదేశాలకు పంపి నేరుగా కూడా మదుపు చేయవచ్చు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు అక్కడి ఫండ్లను కొనడం సులభం. వారు భారతీయ మ్యూచువల్ ఫండ్లను ఉంచుకుంటే, విదేశీ ఫండ్లకు 1986 నుండి అక్కడ ఉన్న కఠినమైన పన్ను నియమాలు వర్తిస్తాయి.

ఆర్థికవేత్తల చర్చ

పన్నులు, లావాదేవీల ఖర్చులు లేని మార్కెట్టులో డివిడెండు ఎంత ఇచ్చినా కంపెనీ విలువ మారదని మెర్టన్ మిల్లర్, ఫ్రాంకో మోడిగ్లియాని 1961లో నిరూపించారు. డబ్బు కావలసినవారు కొన్ని షేర్లను అమ్ముకున్నా ఫలితం ఒకటే అన్నది దీని సారం.

మనుషులు మాత్రం అలా ఆలోచించరు. 1974 ఏప్రిల్‌లో న్యూయార్కు విద్యుత్తు సంస్థ కన్సాలిడేటెడ్ ఎడిసన్, 1885 తరువాత మొదటిసారిగా డివిడెండును ఎగవేసింది. ఆ డివిడెండుపైనే జీవిస్తున్న వృద్ధులు వాటాదారుల సమావేశంలో ఆవేదన వెళ్ళబుచ్చారు. వారు షేర్లను కొద్దికొద్దిగా అమ్ముకోవచ్చు కదా అన్న ప్రశ్నకు హెర్ష్ షెఫ్రిన్, మెయిర్ స్టాట్‌మన్ 1984లో సమాధానం ఇచ్చారు. డివిడెండును ఖర్చు చేయాలి, అసలును ముట్టుకోరాదు అన్న నియమం మనిషికి తనపై తాను విధించుకున్న కట్టుబాటు అని వారు వివరించారు. ఈ నియమం ఖర్చును అదుపులో ఉంచుతుంది. కాని ఫండు పంచే సొమ్ములో అసలు కలిసి ఉన్నపుడు, అసలును ముట్టుకోలేదని నమ్ముతూనే మదుపరి దానిని తినివేస్తాడు.

దీనికి ప్రత్యామ్నాయంగా, డివిడెండు కోసం వెదకకుండా సాధారణ ప్రపంచ ఫండును కొని, ప్రతి నెలా కొన్ని యూనిట్లను అమ్ముకునే పద్ధతి ఉంది. దీనిని క్రమ ఉపసంహరణ అంటారు. ఇందులో అసలు ఎంత తరుగుతున్నదో మిగిలిన యూనిట్ల సంఖ్యను బట్టి మదుపరికి స్పష్టంగా తెలుస్తుంది. మార్కెట్టు పడినపుడు ఎక్కువ యూనిట్లను అమ్మవలసి రావడం దీని లోపం.

ఫండు వివరాలలో చూడవలసిన అంశాలు

పంపిణీ శాతాన్ని కాక, అది దేని నుండి వస్తున్నదో ఫండు నివేదికలో చూడాలి. షేర్ల డివిడెండు రాబడి నుండి ఖర్చులు తీసివేస్తే వచ్చే అంకె కంటే పంపిణీ చాలా ఎక్కువగా ఉంటే, మిగిలినది ధరల పెరుగుదల నుండి గాని, అసలు నుండి గాని రావాలి.

యూనిట్ విలువ ఐదు, పది సంవత్సరాలలో ఎలా మారిందో చూడాలి. పంపిణీని, యూనిట్ విలువలో వచ్చిన మార్పును కలిపి లెక్కించిన మొత్తం రాబడి ఒక్కటే ఫండు పనితీరుకు సరైన కొలత.

ఏటా తీసుకునే నిర్వహణ ఖర్చును చూడాలి. 3 శాతం డివిడెండులో 1.5 శాతం ఖర్చు అంటే మదుపరి ఆదాయంలో సగం పోయినట్లు.

ఒకే రంగంలో లేదా ఒకే దేశంలో ఎంత భాగం ఉన్నదో, 2008, 2020 సంవత్సరాలలో ఫండు పంపిణీ ఏ మేరకు తగ్గిందో చూడాలి. అప్పుడు షేర్ల డివిడెండ్లు పడిపోయినా పంపిణీ మాత్రం చెక్కుచెదరలేదంటే, ఆ సొమ్ము ఎక్కడి నుండి వచ్చిందో మరింత జాగ్రత్తగా విచారించాలి.